సత్యమా, హితమా? – ధర్మనిర్ణయ విచారము

మహాభారత యుద్ధమున పదునేడవనాటి వృత్తాంతము. కర్ణుని బాణములచే మిక్కిలి నొచ్చి ధర్మరాజు శిబిరమునకు మరలి వచ్చెను. అన్నగారి క్షేమము తెలిసికొన గోరి కృష్ణార్జును లచ్చటికి వచ్చిరి. కర్ణుని వధించియే వచ్చిరని తలచి ధర్మరాజు సంతోషించెను. ఆ పని యింకను కాలేదని తెలియగానే కోపము పట్టజాలక తమ్ముని నిందించి, నీ గాండీవమును మరియొకని కిచ్చివేయుమనెను. గాండీవము పరులకిమ్మని తనతో పలికినవాని తల నరికెదనని అర్జునునకు రహస్యవ్రత మొకటి కలదు. అతడు వెంటనే ఖడ్గము దూసెను.

వ్రతమును చెల్లింపకున్న అసత్యదోషము. చెల్లించినచో తండ్రివంటి అన్నను వధించిన పాపము. పాశ్చాత్యులు నీతిశాస్త్రమనియు, మనవారు ధర్మమీమాంస యనియు పిలుచు విద్య యంతయు ఇట్టి సంకటములనుండియే పుట్టినదని చెప్పవచ్చును. కర్తవ్యములన్నియు ఒకే దారిని చూపుచున్నంతవరకు శాస్త్రముతో పని లేదు; తల్లి చిన్ననాడు చెప్పిన మాటలే చాలును. రెండు కర్తవ్యములు ఎదురెదురుగా నిలిచినప్పుడు గదా వీనిలో ఏది బలవత్తరము, ఏల బలవత్తరము అను ప్రశ్న కలుగును!

శ్రీకృష్ణుడు అర్జునుని వారించి, పెద్దలను సేవించి ధర్మముయొక్క సూక్ష్మమును నీవు తెలిసికొనలేదని మందలించి, రెండు కథలు చెప్పెను.

బలాకుడను వ్యాధుడు తల్లిదండ్రులను, ఆలుబిడ్డలను పోషించుటకై వేటాడెడివాడు. హింసయం దతనికి ప్రీతి లేదు. ఒకనాడు నీరు త్రాగుచున్న ఒక వింత మృగమును చూచి కొట్టెను. అది గ్రుడ్డిది, వాసనచేతనే సర్వమును గ్రహించునది. పూర్వము తపస్సుచేసి సకలప్రాణులను నశింపజేయు శక్తిని పొందగా, బ్రహ్మ దాని నంధమును చేసెనట. అది కూలగానే పుష్పవృష్టి కురిసెను. వ్యాధుడు స్వర్గమున కరిగెను.

కౌశికుడను తపస్వి గ్రామమునకు అనతిదూరమున నదులు కలియుచోట వసించుచుండెను. అతని శాస్త్రజ్ఞానము కొద్దిది. ఎల్లప్పుడును సత్యమే పలుకుదునని వ్రతముపట్టి సత్యవాదియని ప్రసిద్ధి కెక్కెను. ఒకనాడు కొందరు దొంగలకు వెరచి పరుగెత్తుకొని వచ్చి ఆ యడవిలో దాగిరి. వెంట తరుముచు వచ్చిన దొంగలు కౌశికుని సమీపించి, నీవు సత్యవాదివి గదా, వారెటు పోయిరో చెప్పుమనిరి. అతడు చెట్లును పొదలును దట్టముగానున్న ఆ చోటు చూపెను. దొంగలు వారిని పట్టి చంపిరి. ఆ పలుకు కారణముగా కౌశికుడు ఘోరనరకమున పడెను.

ఈ కథ చెప్పి వాసుదేవు డొక క్రమమును ఉపదేశించెను. మౌనముతో గండము గడచునేని మౌనమే వహింపవలెను. మౌనమే అనుమానమునకు తావిచ్చునట్లున్న యెడల ఆ స్థలమున అసత్యమే మేలు. అది సత్యముతో సమానమని తలపవలెను. ఏలయన ధర్మము ప్రజలను ధరించునది. ధరింపక కూల్చునది ధర్మమెట్లగును? శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు ఇంచుమించు ఇదే మాటను మరల బోధించును. అర్జునుని వ్రతమునకును శ్రీకృష్ణుడు ఒక మార్గము చూపెను: పూజ్యుడైనవానిని ‘నీవు’ అని ఏకవచనముతో తూలనాడిన అతనిని చంపినట్లే. అర్జును డట్లే చేసి, ఆ పరితాపముచే తన్ను తాను చంపుకొనబోగా, ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానమని చెప్పి ఆ గండమును గూడ దాటించెను. నేటి చదువరులకు ఇది మాటల గారడీగా తోచవచ్చును. కాని అవమానమునకు మరణమంతటి తూకము కలదని నమ్మిన సమాజమున ఇది గారడీ కాదు.

ఆశ్చర్యమేమన, కౌశికుని ప్రశ్నయే 1797లో యూరపుఖండమున ఇద్దరు పండితుల నడుమ మరల తలయెత్తినది. బెంజమిన్ కాన్‌స్టాంట్ అను ఫ్రెంచి రచయిత, ఒక జర్మను తత్త్వవేత్త యొక్క సిద్ధాంతము ననుసరించినచో, మన యింట దాగిన మిత్రుని చంపవచ్చిన హంతకునితోగూడ అబద్ధమాడరాదని తేలునని ఆక్షేపించెను. ఆ జర్మను తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ (1724–1804). అప్పటి కాయన డెబ్బది యేండ్లు దాటిన వృద్ధుడు. ఆక్షేపణకు జడిసి వెనుదీయుటకు మారుగా, అవును, ఆడరాదనియే బదులు వ్రాసెను. నీవు ‘ఇంట లేడు’ అని బొంకినప్పుడు మిత్రుడు నిజముగనే దొడ్డిదారిన వెడలిపోయి వీధిలో హంతకుని కంట బడెనేని, ఆ మృతికి నీవే బాధ్యుడవగుదువు. సత్యమే పలికియున్నచో హంతకుడు ఇల్లు వెదకుచుండగా ఇరుగుపొరుగువారు వచ్చి అతనిని పట్టుకొనియుండ వచ్చును గదా యని ఆయన వాదన.

ఈ వాదనను చూచి నవ్వి ఊరకుండుట తగదు. కాంటు ఏ భయముచే ఇంత దూరము పోయెనో తెలిసికొనవలెను. 1785లో ప్రకటించిన నీతిగ్రంథమున ఆయన ఇట్లు ప్రతిపాదించెను: నీవు చేయు పనికి ఏ సూత్రము ఆధారమో ఆ సూత్రము సర్వజనులకును శాసనముగా నుండవలెనని నీవు కోరగలవా? కోరజాలనిచో ఆ పని తగదు. అప్పు తీర్చుట తనవల్ల కాదని తెలిసియు తీర్చెదనని మాటయిచ్చి సొమ్ము తెచ్చుకొనువాడు, అందరును అట్లే చేయుదురుగాక యని కోరలేడు. అట్లయిన మాట యను వస్తువే లోకమున మిగులదు, అతనికి అప్పును పుట్టదు. తనకు మాత్రమే మినహాయింపు కోరుటయే పాపమునకు మూలమని కాంటు కనిపెట్టెను. ఒక్క మినహాయింపునకు తలుపు తెరచిన, ప్రతివాడును తన యక్కరనే ఆపద్ధర్మమని పిలుచుకొనుచు ఆ తలుపున దూరునని ఆయన భయము. ఆ భయము నిరాధారము కాదు. సంతలోను, కచేరిలోను దినదినమును మనము వినుచున్న అబద్ధములలో ప్రాణరక్షణకై యాడినవి యెన్ని?

ఇక రెండవ పక్షము. ఇంగ్లండు దేశీయుడగు జెరెమీ బెంథామ్ (1748–1832) కర్మ మంచిదో చెడ్డదో దాని ఫలమును బట్టియే నిర్ణయింపవలె ననెను. 1789లో వెలువడిన తన గ్రంథమున సుఖమును కొలుచుటకు ఏడు కొలతలను చెప్పెను: తీవ్రత, కాలపరిమాణము, నిశ్చయత్వము, సామీప్యము, మరిన్ని సుఖములను పుట్టించు శక్తి, దుఃఖముతో కలియని శుద్ధత, ఎంతమందికి చెందునను వ్యాప్తి. సుఖములలో కొలతయే గాక తరతమభేదము కూడ కలదని జాన్ స్టూవర్ట్ మిల్ 1861లో ఈ వాదమును సంస్కరించెను. దీనిని మనవారు ఉపయోగితావాద మనుచున్నారు. లోకమాన్య తిలకు మాండలే చెరసాలలో రచించి 1915లో ప్రకటించిన గీతారహస్యమున దీనిని ఆధిభౌతిక సుఖవాదమున చేర్చి దీర్ఘముగా విమర్శించెను.

ఆధ్యాత్మిక పత్రికలలో ఈ వాదమును భోగవాదమని తేలికగా తోసివేయుట కద్దు. అది న్యాయము కాదు. బెంథామ్ క్రూరశిక్షలను ఖండించెను. పశువుల విషయమున వానికి బుద్ధి కలదా యని గాక బాధ కలదా యని అడుగవలె ననెను. మిల్ 1867లో పార్లమెంటునందు స్త్రీలకు వోటుహక్కు కావలెనని వాదించెను. ప్రతివాని సుఖమును ఒక్కటిగానే లెక్కింపవలెను, రాజు సుఖమును కూలివాని సుఖమును సమానమే యను ఆ లెక్కలో ఒక విధమైన సమదృష్టి కలదని ఒప్పుకొనక తప్పదు. అయినను ఆ లెక్కయే ఆ వాదమునకు చిక్కు తెచ్చుచున్నది. ఒక ఊరిలో హత్య జరిగి జనము పిచ్చెత్తి ఇండ్లు తగులబెట్టుచున్నది; హంతకుడు దొరకలేదు. నిరపరాధి నొకనిని పట్టి ఉరితీసినచో అల్లరి అణగి పదిమంది ప్రాణములు దక్కును. కూడికలు తీసివేతలు చేసినచో అట్లే చేయుమని లెక్క చెప్పును. మనస్సు మాత్రము ఛీ యనును. ఆ ఛీత్కారము ఎందుండి వచ్చినది? లెక్కనుండి మాత్రము కాదు.

శ్రీకృష్ణుని తీర్పును చూచి ఆయన కూడ ఫలవాదియే యని కొందరందురు. బలాకుని కథ దీనికి అడ్డు నిలుచుచున్నది. నిజమునకు కౌశికుని కథకన్న ఇదియే కష్టమైనది. మృగము చచ్చుటవలన లోకమునకు మేలు కలిగెను, సరియే. కాని వ్యాధుడు ఆ మేలును కోరి కొట్టలేదు, ఎరుగనే యెరుగడు. కావున బుద్ధిపూర్వకమగు సత్సంకల్పమునకే విలువ యను కాంటు మతమున అతనికి స్వర్గము రారాదు. ఫలమును బట్టి పనిని మెచ్చవచ్చును గాని చేసినవానిని మెచ్చుటకు ఫలవాదికిని కారణము చాలదు. వ్యాసుడు చెప్పిన విశేషణములను గమనింపుడు: తనవారి పోషణకై చేసినవాడు, ద్వేషము లేనివాడు. కౌశికుని గూర్చి చెప్పినది వేరు: శాస్త్రము కొద్ది, కీర్తి పెద్ద. కర్మయే గాక కర్త ఎట్టివాడను విచారము ఇందు కలదు. గ్రీకుదేశపు అరిస్టాటిలు (క్రీ. పూ. 384–322) నీతిని శీలమునుండియే ప్రారంభించెను గాన ఈ కథను బహుశః అతడే ఎక్కువగా మెచ్చెడివాడేమో.

ఫలమా, విధియా యను ఈ వివాదము పాశ్చాత్యులకే చెందిన దనుకొనుట పొరపాటు. పూర్వమీమాంసకులు దీనిని ఇంకను లోతుగా త్రవ్విరి. వేదము ‘చేయవలెను’ అని శాసించినప్పుడు మానవుడు కదలుటకు కారణ మేమి? ఇది నా కిష్టమైన ఫలమునకు సాధనము అను జ్ఞానమువలన కదలునని భాట్టులు చెప్పిరి. మండనమిశ్రుడు విధివివేకమున ఈ ఇష్టసాధనతా పక్షమునే స్థాపించెను. ప్రభాకరు డట్లు కాదనెను. ఇది నాచే చేయదగినది అను కార్యతాజ్ఞానమే ప్రేరకము. శాసనము తన బలముచేతనే కదలించును, ఫలాశ దానికి ఊతకోల కాదు. కాంటుకు వేయేండ్లకు పూర్వము మన దేశమున పలికిన పలుకిది. శ్యేనయాగ చర్చయు చూడదగినది. శత్రుమారణమునకు శ్యేనము సాధనమని వేదమే చెప్పుచున్నది. అయినను శత్రువధ ధర్మము కాదని మీమాంసకుల నిర్ణయము. ఉపాయము తెలుపుట వేరు, చేయుమని శాసించుట వేరు. శాస్త్రమున నున్నది గదా యని దుష్కార్యమునకు ఒడిగట్టువారికి ఇంతకన్న మంచి సమాధానము లేదు.

ఈ మీమాంసకుల మతమున ఒక వింత కలదు. వేదము అపౌరుషేయము, కావున శాసనము కలదు గాని శాసించువాడు లేడు. 1958లో ఎలిజబెత్ ఆన్‌స్కమ్ అను ఆంగ్ల విదుషి తన సమకాలికులను ఈ విషయముననే నిలదీసెను. శాసించు దేవుని నమ్మకము వదలుకొనియు ‘చేయవలెను’ అను ఆజ్ఞాపదమును మాత్రము వదలక పట్టుకొనియున్నారు. శాసనకర్త లేనిదే ఆ మాటకు అర్థమేమి అని ఆమె ఆక్షేపణ. ఆమె ప్రభాకరుని చదివియున్నచో ఏమనియుండునో!

ఇచ్చట ప్రశ్న మారినది. కౌశికుడు ఏమి చేయవలెను అనునది మొదటి ప్రశ్న. ఎవరైనను అసలు పరుల మేలు ఏల చూడవలెను అనునది రెండవది. హెన్రీ సిజ్విక్ 1874లో వెలువరించిన మహాగ్రంథమున ఈ రెండవ ప్రశ్నకడనే ఆగిపోయెను. నా సుఖము నేను చూచుకొనుటయు యుక్తియుక్తమే, సర్వుల సుఖము చూచుటయు యుక్తియుక్తమే; ఈ రెండును తగవులాడినప్పుడు తీర్పుచెప్పు యుక్తి కేవల బుద్ధికి దొరకదని ఆ నిజాయితీపరుడు ఒప్పుకొనెను. స్వామి వివేకానందులు 1896లో లండనునందు చేసిన ఉపన్యాసములలో ఉపయోగితావాదులను అడిగినది ఇదియే. సుఖమే పరమార్థమైనచో నేను నా సుఖము మాని ఇతరుల సుఖమునకై ఏల పాటుపడవలెను? సమాజము బాగుపడునందురా, సమాజముతో నాకేమి పని? ఈ ఇంద్రియలోకపు అంచులలోపల దీనికి బదులు దొరకదనియు, నీవును నీ పొరుగువాడును వస్తుతః ఒక్కటే యను సత్యమొక్కటియే పరోపకారమునకు పునాది యనియు స్వామి తెలిపిరి. జర్మను వేదాంతపండితుడు పాల్ డాయిసన్ కూడ 1893లో బొంబాయిలో ప్రసంగించుచు, పొరుగువానిని నీవలె ప్రేమింపుమని బైబిలు చెప్పుచున్నది, ఏల ప్రేమింపవలెనో ఉద్దాలకుడు శ్వేతకేతునకు బోధించిన మహావాక్యము చెప్పుచున్నదని వక్కాణించెను. మూడేండ్లకు స్వామి ఆయనను కీల్ నగరమున కలిసికొనిరి.

ఈ సమాధానముపై ఒక ఆక్షేపము వినవచ్చుచున్నది. దానిని దాచుట తగదు. అంతయు ఒక్క ఆత్మయే యైనచో చంపువాడెవడు, చచ్చువాడెవడు? దొంగలయందున్నదియు ఆ యాత్మయే గదా. కౌశికుడు ఎవరి పక్షము వహించిన నేమి? ఏకత్వము నుండి ఇంకను ఏ కర్తవ్యమును తేలలేదని వారందురు. దీనికి రెండు మాటలు చెప్పవచ్చును. పరమార్థమును వ్యవహారమునకు అడ్డుపెట్టి తప్పించుకొనుట వేదాంతము కాదు. తనకు ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు ‘అంతయు మిథ్య’ యని ఊరకుండని వానికి పరుని గాయమును మిథ్య యనుట కధికారము లేదు. గీత ఆరవ అధ్యాయమున తన్ను పోలికగా గొని సర్వుల సుఖదుఃఖములను చూచువానిని ఉత్తమయోగి యన్నది, సుఖదుఃఖములు లేవనలేదు. ఇక దొంగల మాట. వారియందును ఆత్మ కలదు గనుకనే వారిని హత్యాపాపమునుండి తప్పించుట వారికిని మేలు. దారి చెప్పనివాడు దాగినవారిని మాత్రమే గాక తరుమువారిని గూడ కాపాడినవాడగును. లెక్కలవాదమున దొంగల సంతోషము తీసివేయవలసిన అంకె. వేదాంతమున దొంగ కూడ రక్షింపదగినవాడే. ఈ భేదము చిన్నది కాదు.

అయినను ఇంతటితో కాంటు భయము తీరలేదు. మినహాయింపు ఎవరికి, ఎప్పుడు? ఇందుకు భాగవతమున బలిచక్రవర్తి వృత్తాంతము కౌశికుని పక్కన పెట్టి చదువవలెను. వామనునకు మూడడుగుల నేల ఇత్తునని బలి మాటయిచ్చెను. వచ్చినవాడు విష్ణువని గుర్తించిన శుక్రాచార్యుడు, అసత్యము దోషము కాని సందర్భములను వరుసగా లెక్కించి, ప్రాణవిత్తములకు ముప్పు వచ్చినప్పుడు బొంకవచ్చునని శిష్యునకు బోధించెను. పోతనగారి పద్యరూపమున ఈ హితవు ఆంధ్రుల నోట నేటికిని నానుచున్నది. అది చెప్పినవాడు శుక్రుడనియు, విన్నవాడు దానిని త్రోసివేసెననియు మరచి, పద్యమును మాత్రము అక్కరకు వాడుకొనువారే ఎక్కువ! బలి ఒప్పుకొనలేదు. రాజ్యము పోయినను, బంధనము ప్రాప్తించినను ఆడి తప్పనని నీరు ధారవోసెను. పురాణము అతనిని కీర్తించినది.

ఒకడు సత్యము పలికి నరకమున పడెను. మరియొకడు సత్యమునకు నిలిచి భగవంతుని ద్వారపాలకునిగా పొందెను. మినహాయింపు ఉండుట, ఉండకపోవుట ఇందు భేదమునకు కారణము కాదు. ఇద్దరికిని మినహాయింపు కలదు. సత్యమునకు ధర చెల్లించిన దెవరు? కౌశికుని సత్యమునకు ధర దాగినవారి ప్రాణములు, లాభము అతని ఖ్యాతి. బలి సత్యమునకు ధర బలియే. పరరక్షణకై శ్రీకృష్ణుడు చూపిన సందును ఆత్మరక్షణకై వాడుకొనుటకు బలి నిరాకరించెను. పరుల పక్షమున సడలింపవచ్చును, తన పక్షమున సడలింపరాదు. ఈ కొలతను పట్టుకొన్నచో కాంటు తలుపును తెరచియు దొంగలు దూరకుండ కాపుంచినట్లగును. దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులు జ్ఞానాజ్ఞానములను, ధర్మాధర్మములను, పుణ్యపాపములను జగన్మాత పాదములకడ అర్పించియు, సత్యమును మాత్రము అర్పింపలేకపోయితి ననెడివారు. ఆయన సత్యనిష్ఠకు కష్టమనుభవించినది ఆయన శరీరమే; ఆ నిష్ఠవలన పరుల కపాయము కలుగలేదు.

సడలింపునకు గూడ ధర కలదు. ద్రోణుని పడగొట్టుటకు అశ్వత్థామ యను ఏనుగును చంపి, ధర్మరాజుచే ఆ మాట పలికించిరి; ఏనుగను పదమును ఆయన అస్పష్టముగా గొణిగెను. సైన్యము దక్కుట నిజము, శ్రీకృష్ణుడు ప్రోత్సహించుటయు నిజము. అంతవరకు నేలకు నాలుగంగుళముల మీదుగా నడచిన ఆయన రథము ఆ క్షణమున నేల తాకినదని వ్యాసుడు వ్రాసెను. స్వర్గారోహణమున ఇంద్రుడు, వ్యాజముచే ద్రోణుని వంచించితివి గాన వ్యాజముచేతనే నీకు నరకము చూపబడినదని తెలిపెను. తప్పనిసరియై ఒక కర్తవ్యమును దాటినను దాని బాకీ మిగిలియే యుండునని, 1930లో డబ్ల్యు. డి. రాస్ అను స్కాట్లండు దేశీయుడు మొదటి చూపున తోచు కర్తవ్యములను గూర్చి వ్రాయుచు గ్రహించెను. మాట తప్పక తీరనిచో తప్పుటయే యుక్తము కావచ్చును. అంతమాత్రమున మాటపొందినవానికి మనము ఋణపడలేదని కాదు.

పైన చెప్పిన కొలతకు లొంగని కథ ఒకటి కలదు. హరిశ్చంద్రుడు విశ్వామిత్రుని ఋణము తీర్చుటకై భార్యను, కుమారుని అమ్మెను. ఆ సత్యమునకు ధర అతడొక్కడే చెల్లించెనా? నన్నమ్మి మాట నిలుపుకొనుమని చెప్పినది ఆ యిల్లాలేనని మార్కండేయ పురాణము. మన నాటకములలో చంద్రమతియు అంతటి ధీరయే. కావున ఆమె విషయమున ఇచ్చినది ఆమె, పుచ్చుకొన్నది ధర్మము అని సమాధానపడవచ్చును. లోహితాస్యుడు పసివాడు. అతని సమ్మతి అడిగినవారు లేరు. కథాంతమున అతడు బ్రతికి లేచుటవలన మన మనస్సు కుదుటపడుచున్నది గాని, అమ్మకము జరిగిననాడు ఆ తండ్రికి అది తెలియదు గదా.